చక్రాలు లేని విమానం

కొరియర్ పెట్టె విప్పి లోపలి ప్లాస్టిక్ చట్రాలను బల్ల మీద వరుసగా పరిచాను. రెక్కలు ఉన్నాయి. పొట్ట నిలువునా రెండు చెక్కలుగా ఉంది. ఇంజిన్లు, ప్రొపెల్లర్లు, తోక, కిటికీ అద్దాలు ఉన్నాయి. చక్రాలు లేవు. చక్రాలే కాదు, వాటిని తగిలించే కాళ్లు, కాళ్లు ముడుచుకున్నాక మూసుకునే తలుపులు ఉండవలసిన చట్రమే లేదు. పెట్టెను తలకిందులు చేసి దులిపితే బల్లిగుడ్డు పెంకు ఒకటి రాలింది.

అమ్మినతను ఫోనులో "విప్పనైనా లేదు సార్, అన్నీ ఉన్నాయి" అన్నాడు. డబ్బు అందిన మర్నాటి నుంచి ఆ నంబరు పలకడం మానేసింది. తిరిగి పంపుదామంటే చిరునామా లేదు, పారేద్దామంటే మనసు రాదు. 1/72 స్కేలులో, అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు కొలతలో, అతికించి కట్టుకునే డోర్నియర్ 228 మోడల్ కిట్టు కర్నూలు మనిషి చేతికి చిక్కడం రోజూ జరిగే పని కాదు. మా అమ్మాయి కాఫీ గ్లాసుతో వచ్చి, బల్ల వంకా నా ముఖం వంకా చూసింది. "చక్రాలు లేకపోతే మంచు మీద జారే బద్దలు కట్టు నాన్నా" అని నవ్వేసి కాలేజీకి వెళ్లిపోయింది. అన్న మాట తను గుమ్మం దాటేలోపే మరిచిపోయి ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు పని సాగలేదు.

నా పని కట్టుడు పళ్లు చేయడం. డాక్టరును కాను. డాక్టర్లు నోటి కొలత తీసి పంపితే అచ్చు పోసి, మైనంతో చిగురు కట్టి, పళ్లు పేర్చి, సెట్టు తయారుచేసి పంపేవాడిని. పాతబస్తీలో ఇరుకు సందులో రెండు గదుల ల్యాబు, ఒక కుర్రవాడు సహాయం. విమానాల పిచ్చి చిన్నప్పటిది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు నేను కట్టుకున్న పద్దెనిమిది మోడళ్లూ బురదలో కలిశాయి. నీళ్లు తీశాక అల్మారా అడుగున ఒక ప్రొపెల్లర్ దొరికితే సొరుగులో వేసుకున్నాను. ఆ తరువాత పదేళ్లకు పైగా ఆ జోలికి పోలేదు. 2021 మార్చిలో ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలయ్యాక, కొత్తలో ఒక ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకుని విమానం దిగడం చూడడానికి వెళ్లాను. ఆ రాత్రి సొరుగు తెరిచి ఆ ప్రొపెల్లర్ కోసం వెతికాను. అక్కడితో పాత జబ్బు తిరగబెట్టింది.

ఎన్నడూ లేని విమానం, ఉండి ఉంటే ఎలా ఉండేదో ఊహించి కట్టే మోడల్‌ను ఈ వ్యాపకం ఉన్నవాళ్లు 'వాట్ ఇఫ్' అంటారు. నేను 'ఒకవేళ' అంటాను. ఊహే కదా, ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు, తప్పు పట్టేవాడు ఉండడు అని మొదట్లో నేనూ అనుకున్నాను. జరిగింది తలకిందులు. నిజంగా ఉన్న విమానానికి ఫొటో ఉంటుంది. ఒక మేకు అక్కడ ఎందుకు ఉందో మనకు తెలియకపోయినా, చూసి దించితే సరిపోతుంది. లేని విమానానికి ప్రతి మేకుకూ మనమే జవాబుదారీ. ఆలోచిస్తే నా వృత్తిలోనూ ఇదే తంతు. ఇరవై ఏళ్లుగా బోసి నోటితో ఉన్న అవ్వ వస్తుంది. ఆమె పళ్లు ఎలా ఉండేవో చెప్పే ఫొటో ఉండదు. నేను చేసేవి ఆమె నోట ఎన్నడూ మొలవనివి. అయినా అవి దవడకు ఆనాలి, జొన్నరొట్టె నమలాలి, నవ్వితే ఆమెవే అనిపించాలి. ఎక్కడ కొలత తప్పినా మూడో రోజుకు సెట్టు కొంగున కట్టుకుని ఆమె మా గుమ్మంలో ఉంటుంది.

కాబట్టి ముందు, ఎవరి విమానం? డోర్నియర్ 228 జర్మన్లది. 1981 మార్చిలో తొలిసారి ఎగిరింది. 1983లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లైసెన్సు తీసుకుని కాన్పూరులో తయారీ మొదలుపెట్టింది. మన కోస్ట్‌గార్డు సముద్రం మీద గస్తీకి వాడేది దీన్నే. పొట్ట కింద బుడిపెలా కనిపించే రాడార్ డోముతో (రాడార్‌ను కప్పే గుల్ల అది), తెల్లగా, పొట్టిగా ఉంటుంది. అందగత్తె అనను. పనిమంతురాలు.

దానికి స్కీలు, అంటే ఆ జారే బద్దలు, తొడగడం మా అమ్మాయి సొంత ఆలోచన కాదని వెతికిన కొద్దీ తెలిసింది. జర్మనీ ధ్రువ పరిశోధన సంస్థ ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ 1980లలోనే స్కీలు కట్టిన డోర్నియర్లను అంటార్కిటికాలో నడిపింది. వాటి పేర్లు పోలార్ 2, పోలార్ 3. వాటిలో పోలార్ 3 అంటార్కిటికాలో పని ముగించుకుని స్వదేశానికి వెళ్తూ 1985 ఫిబ్రవరి 24న పశ్చిమ సహారా దగ్గర కూలింది. పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న పొలిసారియో గెరిల్లాలు కాల్చి పడగొట్టారు. ముగ్గురు సిబ్బందీ చనిపోయారు. మంచులో ఏమీ కాని మనుషులు ఎడారి పక్కన పోయారు. ఆ సంగతి చదివిన రాత్రి కిట్టు పెట్టె మూసేసి పడుకున్నాను.

స్కీల డోర్నియర్ నిజంగానే ఉంది. లేనిదల్లా భారత కోస్ట్‌గార్డు స్కీల డోర్నియర్. అది ఎక్కడ దిగుతుంది? మన మొదటి అంటార్కిటికా యాత్ర 1981 డిసెంబరు 6న గోవాలో ఓడ ఎక్కి, 1982 జనవరి 9న ఆ నేల మీద కాలు పెట్టింది. ఆ తరువాత 1983-84లో దక్షిణ గంగోత్రి స్థావరం కట్టారు. అది నేల మీద కాదు, సముద్రం మీదికి చాచుకుని ఉన్న మంచు ఫలకం మీద. ఏటా మంచు మీద పడి పడి అది కూరుకుపోయింది. 1989 నాటికి షిర్మాకర్ ఒయాసిస్సులో రాతి నేల మీద మైత్రి వచ్చింది. రాతి నేల దగ్గర చక్రాలు కావాలి. గట్టిపడిన నీలి మంచు మీదా చక్రాలతో దిగవచ్చు. మెత్తటి మంచు మీద మాత్రం స్కీలు ఉండాలి. నా దగ్గర చక్రాలు లేవు. అందువల్ల సంవత్సరం 1988, చోటు దక్షిణ గంగోత్రి. కారణం ముందు, చరిత్ర తరువాత వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

చెన్నైలో నాలాంటి పిచ్చే ఉన్న మిత్రుడు ఒకాయన ఉన్నాడు. ఫోనులో విని, "అంటార్కిటికాలో సైన్యం తిరగకూడదు కదా, గస్తీ ఎలా?" అన్నాడు. మంచి ప్రశ్న. రెండు రాత్రులు 1959 నాటి అంటార్కిటికా ఒడంబడిక చదువుతూ కూర్చున్నాను. మొదటి అధికరణం సైనిక స్థావరాలను, విన్యాసాలను, ఆయుధ పరీక్షలను నిషేధిస్తుంది. కానీ పరిశోధనకు, శాంతియుతమైన పనులకు సైనిక సిబ్బందినీ సామగ్రినీ వాడుకోవడానికి అడ్డు చెప్పదు. ఏడో అధికరణంలో నాకు నిధి దొరికింది. పరిశీలకులను నియమించే హక్కు ఉన్న దేశాలు అంటార్కిటికాలో ఎక్కడైనా, ఎప్పుడైనా ఆకాశం నుంచి పరిశీలన జరపవచ్చట. భారత్ 1983 ఆగస్టులో ఒడంబడికలో చేరింది, సెప్టెంబరు 12న, పరిశీలకులను నియమించే హక్కునిచ్చే సంప్రదింపుల హోదా పొందింది. అంటే 1988లో మనకు ఆ హక్కు ఉంది. దానికి తోడు అక్కడి సముద్ర జీవులను కాపాడే ఒప్పందం 1982 నుంచే అమలులో ఉంది. దొంగచాటుగా వల వేసే ఓడలను వెతకడానికి రాడార్ డోము ఎలాగూ కావాలి. ఆయుధం లేని గస్తీ విమానం అన్నమాట. మిత్రుడికి ఫోను చేసి అధికరణం నంబరుతో సహా వినిపించాను. "మీరు పళ్లు మానేసి వకీలు అయి ఉండాల్సింది" అన్నాడు.

స్కీ ఎంత పెద్దది ఉండాలి? ఇక్కడ లెక్క వేయక తప్పలేదు. విమానం బరువు సుమారు ఆరు టన్నులు. పక్క స్కీ ఒక్కొక్కటి రెండున్నర మీటర్ల పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు అనుకున్నాను. ముందరి ముక్కు స్కీ మీటరున్నర పొడవు, అర మీటరు వెడల్పు. మొత్తం 3.75 చదరపు మీటర్లు. ఆరు వేల కిలోలను దానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 160 గ్రాములు పడుతుంది. ఇది ఎక్కువా తక్కువా నాకు తెలియలేదు. అప్పుడు ల్యాబులో నేల మీద ప్లాస్టర్ పొడి చల్లి, చెప్పులు విప్పి నిలబడ్డాను. అడుగు ముద్రల మీద గళ్ల కాగితం పరిచి లెక్కపెడితే రెండు పాదాలూ కలిసి నాలుగు వందల చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. నా బరువు డెబ్బై కిలోలు. అంటే ఆరు టన్నుల విమానం మంచును నొక్కేది వట్టి కాళ్లతో నిలబడిన నా అంత గట్టిగానే. నా కుర్రవాడు అంతసేపూ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏమీ అడగలేదు. అలవాటు పడ్డాడు.

రెండున్నర మీటర్లను డెబ్బై రెండుతో భాగిస్తే 34.7 మిల్లీమీటర్లు. వెడల్పు 8.3. నా బొటనవేలి కన్నా సన్నని బద్ద, ముందు కొస పైకి వంపు తిరగాలి. ప్లాస్టిక్ రేకు కోసి దీపం సెగకు వంచితే మొదటిది ముడుచుకుపోయింది, రెండోది నల్లబడింది. మూడోది కోయబోతూ ఆగిపోయాను. ఇరవై ఆరేళ్లుగా రోజూ చేస్తున్న పని చేతిలో ఉండగా ఈ అగచాట్లు ఎందుకు?

పళ్ల సెట్టు చేసే పద్ధతి ఇది. ముందు మైనంతో ఆకారం చెక్కుతాం. దాన్ని ఫ్లాస్కు అనే ఇత్తడి అచ్చుపెట్టెలో ప్లాస్టర్ మధ్య పాతిపెడతాం. ప్లాస్టర్ గట్టిపడ్డాక వేడి నీళ్లు పోస్తే మైనం కరిగి పోతుంది, లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి ఆక్రిలిక్ పొడీ ద్రవమూ కలిపిన ముద్ద కూరి, ప్రెస్సు కింద బిగించి, నీళ్లలో ఉడికిస్తాం. 74 డిగ్రీల దగ్గర రెండు గంటలు, తరువాత మరుగుతున్న నీళ్లలో ఒక గంట. ఆపై దాని మానాన దాన్ని చల్లారనివ్వాలి. ఈ చివరి సంగతి నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లవాడికీ మొదటి రోజే చెబుతాను. అలాంటి నేను ఆత్రం పట్టలేక వేడి మీదే ఫ్లాస్కును చన్నీళ్ల బకెట్లో ముంచాను. తెరిచి చూస్తే రెండు స్కీలూ అరటి తొక్కల్లా మెలి తిరిగి ఉన్నాయి. నా కుర్రవాడు అప్పుడు కూడా ఏమీ అనలేదు. పక్క గదిలోకి వెళ్లి నవ్వుకున్నాడని తెలుసు.

రెండోసారి రాత్రంతా వదిలేశాను. పొద్దున ఉగ్గాని తిని వచ్చి ఫ్లాస్కు విప్పాను. ప్లాస్టర్ పగలగొట్టి తీస్తే మూడు స్కీలు చెక్కు చెదరకుండా, కొస వంపుతో సహా వచ్చాయి. ముద్దొచ్చే గులాబీ రంగులో. ల్యాబులో అందుబాటులో ఉన్నది చిగుళ్ల రంగు పొడి. అందులో రక్తనాళాల్లా కనిపించడానికి సన్నని ఎర్ర పోగులు కూడా కలిపి ఉంటాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే స్కీ నిండా నరాలు. రంగు వేసి కప్పేశాను కానీ, దక్షిణ గంగోత్రిలో దిగిన ఆ విమానం కింద ఉన్నవి మనిషి చిగుళ్లేనని నాకూ నా కుర్రవాడికీ తెలుసు.

రాడార్ డోము తేలికగా అయిపోయింది. రాత్రి పళ్లు కొరికేవాళ్లకు పల్చని తొడుగులు చేసే యంత్రం ఉంది. ప్లాస్టిక్ రేకును వేడి చేసి, అచ్చు మీద పరిచి, గాలి లాగేస్తుంది. డోము అచ్చు చెక్కి దాని మీద ఒక్క నిమిషంలో లాగేశాను.

కాళ్ల దగ్గర మళ్లీ చిక్కు. ఈ విమానం చక్రాల కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటాయి. రెండున్నర మీటర్ల స్కీ ముడుచుకోదు. కాబట్టి కాళ్లు స్థిరంగా ఉంచి, తలుపులు ఉండే గుంటలను మూసేశాను. గాలికి ఎదురు పెరిగి వేగం తగ్గుతుంది. తగ్గనీ. పాక్షిక సెట్లకు కొక్కేలు వంచే 19 గేజి తీగ మందం సుమారు ఒక మిల్లీమీటరు, అంటే అసలు కొలతలో ఏడు సెంటీమీటర్ల కడ్డీ. కాళ్లకు అది సరిపోయింది. నిలబెట్టి చూస్తే డోము అడుగుకూ బల్లకూ మధ్య ఆరు మిల్లీమీటర్లే మిగిలాయి, అసలు కొలతలో నలభై మూడు సెంటీమీటర్లు. మెత్తటి మంచులో స్కీలు కొంచెం దిగబడితే రాడార్ నేల నాకుతుంది. అందుకని పక్క కాళ్లను మూడు మిల్లీమీటర్లు పెంచి అతికించి, మురిసిపోయి, ఇంట్లో చూపించాను. "ఎద్దు మోకాళ్ల మీద కూర్చున్నట్టుంది" అంది మా ఆవిడ. ముక్కు కాలు పెంచడం మరిచిపోయాను.

ఆ ముక్కులోనే ఇంకో పని కూడా ఉంది. మూడు కాళ్ల విమానం మోడల్ తోక బరువుకు వెనక్కి కూలబడుతుంది. ముందు బరువు పెట్టాలి. లోహపు పళ్లు పోత పోసినప్పుడు మిగిలే బుడిపెలు డబ్బా నిండా ఉన్నాయి, వాటిలో నాలుగు ముక్కులో అతికించాను.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ నా తెలివి వల్లే తగిలింది. పొట్ట కింద మూసిన గుంటల చుట్టూ సన్నని సందులు మిగిలాయి. పుట్టీ ఎండడానికి ఒక రాత్రి పడుతుంది. పళ్ల సెట్టు విరిగితే అప్పటికప్పుడు అతికే ఆక్రిలిక్ ఉంది కదా, పది నిమిషాల్లో గట్టిపడుతుంది. పొడి చల్లి, డ్రాపరుతో ద్రవం వదిలాను. ఆ ద్రవం ఆక్రిలిక్‌ను అతికించినంత హాయిగా పాలీస్టైరీన్‌ను కరిగిస్తుందని, కిట్టు మొత్తం పాలీస్టైరీనేనని నాకు తెలుసు. తెలిసినది ఆ క్షణంలో గుర్తు రాకపోతే తెలియనట్టే. రెండు నిమిషాల్లో పొట్ట మెత్తబడింది. పట్టుకున్న చోట నా బొటనవేలి ముద్ర గీతలతో సహా దిగింది. వదిలేసి, చేతులు కట్టుకుని కూర్చుని, పూర్తిగా గట్టిపడేదాకా కదలలేదు. తరువాత వారం రోజులు పుట్టీ, నీళ్లతో రుద్దే గరుకు కాగితం, మళ్లీ పుట్టీ. ఇప్పటికీ డోము వెనుక పక్కకు వెలుతురు పడేలా పట్టుకుంటే ఆ ముద్ర ఛాయ తెలుస్తుంది.

ఈలోగా మే నెల వచ్చింది. కర్నూలులో మే నెల అంటే చెప్పేదేముంది. 43 డిగ్రీల ఎండలో ఎయిర్ బ్రష్ నుంచి వెలువడిన రంగు చుక్క విమానం చేరేలోపే గాలిలో ఎండిపోయి, ఇసుక చల్లినట్టు పడుతుంది. అంటార్కిటికా విమానానికి రంగు వేయడానికి వేసవి తెల్లవారుజామున నాలుగున్నరకు లేవవలసి వచ్చింది. ఒళ్లంతా తెలుపు, తోక, రెక్కల కొసలు నారింజ. మంచులో తెల్ల విమానం కూలితే వెతకడం అసాధ్యం, అందుకే ధ్రువాల్లో తిరిగే విమానాలకు కంటికి కొట్టే రంగు వేస్తారు. నారింజను నేరుగా బూడిద రంగు ప్రైమర్, అంటే అడుగు పూత, మీద కొడితే మురికిగా వచ్చింది. కడిగేసి, ముందు తెలుపు వేసి, దాని మీద వేస్తే వెలిగింది.

అక్షరాలు, నంబరు కోసం డెకాల్ కాగితం (నానబెట్టి అచ్చును జరిపి అంటించేది) తెప్పించి, ఫొటో స్టూడియోలో లేజర్ ప్రింటరు మీద అచ్చు వేయించాను. కోస్ట్‌గార్డు డోర్నియర్ల నంబర్లు ఏడు వందల్లో ఉంటాయి. లేని విమానం కదా, కంటికి బాగున్న అంకెలు ఏరుకున్నాను. 791. నీటిలో నానబెట్టి తోక దగ్గర జరిపి, తడి అద్ది, ఫొటో తీసి మిత్రుడికి పంపాను. గంట తరువాత ఫోను వచ్చింది. మామూలుగా హాస్యమాడేవాడు ఆ రోజు ఆడలేదు. "ఆ నంబరు తీసేయండి. 2015 జూన్ 8న తమిళనాడు తీరంలో గస్తీకి వెళ్లి మాయమైనది అదే. ముగ్గురు. నెల దాటాక సముద్రం అడుగున దొరికింది" అన్నాడు. సీజీ-791. నేను వార్త చదివే ఉంటాను. మరిచిపోయాను. మద్రాసు తీరం మనిషి మరిచిపోలేదు.

డెకాల్ అప్పటికి ఆరిపోయి గట్టిగా పట్టుకుంది. సెలొఫేన్ టేపు అంటించి లాగితే నంబరుతో పాటు కింద తెల్ల రంగూ పెచ్చులుగా వచ్చింది. ఆ భాగం మొదటి నుంచి చేశాను. కొత్తగా ఏ నంబరు వేయాలో తేల్చుకోలేక, చివరికి 'కోస్ట్‌గార్డు' అన్న మాట, జాతీయ పతాకం మాత్రం ఉంచాను. నంబరు చోటు తెల్లగానే ఉంది. చూసినవాళ్లు మరిచిపోయారా అని అడుగుతుంటారు.

చివరికి మంచు. పీఠం మీద మంచు పరచడం తేలిక అనుకున్నాను. తెల్ల ప్లాస్టర్ బస్తాలున్న మనిషికి మంచుకేం లోటు? దాని మీద గాలి చెక్కిన గీతలు ఎలా ఉంటాయో చూడాలని సాయంత్రం తుంగభద్రలోకి దిగాను. ఎండాకాలం ఏటి నిండా ఇసుకే. గాలి ఆ ఇసుకను వరుసలు వరుసలుగా అలలు దీర్చి పెట్టింది. వంగి ఫొటోలు తీసుకుంటుంటే బట్టలు ఉతుకుతున్న ఆమె, "ఏం పోగొట్టుకున్నావు నాయనా?" అని అడిగింది. ఇంటికొచ్చి ప్లాస్టర్ మీద అచ్చు అలాగే దించాను. ఆరాక ధ్రువ మంచు ఫొటోల పక్కన పెడితే ఎక్కడో తేడా. ఇసుక అలలు గాలికి అడ్డంగా ఏర్పడతాయి. మంచులో గాలి కోసే గట్లు, సాస్ట్రుగి అంటారు వాటిని, గాలి వెంట నిలువుగా సాగుతాయి. గాలి వచ్చే వైపు వాటి మొనలు నాలుకల్లా పొడుచుకుని ఉంటాయి. ఒకటి గాలి పేర్చింది, ఒకటి గాలి కోసింది. పైలట్లు గట్లకు అడ్డంగా దిగితే స్కీలు, కాళ్లు విరుగుతాయి, అందుకని వాటి వెంటే దిగుతారు. పీఠం పగలగొట్టి మళ్లీ పోశాను. ఈసారి పేర్చలేదు. గట్టిపడుతున్న ప్లాస్టర్‌ను మైనం చెక్కే కత్తితో ఒకే దిక్కుగా కోశాను.

స్కీల కింద అగ్గిపుల్లలు చీల్చి చిన్న పలకలు పరిచాను. అవి అలంకారం కాదు. జారేటప్పుడు స్కీ కింద కరిగిన సన్నని నీటి పొర విమానం ఆగగానే గడ్డకట్టి, స్కీని నేలకు అతికిస్తుంది. 1956 అక్టోబరు 31న దక్షిణ ధ్రువం మీద మొదటిసారి దిగిన అమెరికా నౌకాదళ డకోటా విమానం 'కె సెరా సెరా'కు ఇదే జరిగింది. మైనస్ 50 డిగ్రీల చలి, అక్కడ ఉన్నది గంటలోపే, అయినా స్కీలు పట్టుకుపోయాయి. పొట్టకు కట్టిన పదిహేను రాకెట్లూ వెలిగిస్తే గానీ కదలలేదు. నా డోర్నియర్‌కు రాకెట్లు లేవు, అగ్గిపుల్లలున్నాయి.

మిగిలింది తీగలు. ప్రతి స్కీకి ముందు కొస నుంచి విమానానికి ఒక సాగే తాడు ఉంటుంది. గాలిలో ఉన్నప్పుడు స్కీ ముక్కు కిందికి వాలకుండా అది పైకి లాగి పట్టుకుంటుంది. దాని పక్కనే, అది తెగితే కాపాడడానికి ఒక ఉక్కు తీగ. మడమ నుంచి ఇంకో తీగ, ముక్కు మరీ పైకి లేవకుండా. సాగే తాడుకు ప్లాస్టిక్ చట్రం ముక్కను కొవ్వొత్తి సెగకు సాగదీసిన పోగు సరిపోయింది. ఉక్కు తీగకు పళ్లు శుభ్రం చేసుకునే దారం మోకులా కనిపించింది. పళ్లు సరిచేసే తీగ పావు మిల్లీమీటరు, అసలు కొలతలో రెండు సెంటీమీటర్లకు దగ్గర, అదీ లావే. దువ్వెన దగ్గర జవాబు దొరికింది. మనిషి వెంట్రుక సుమారు 0.07 మిల్లీమీటరు. డెబ్బై రెండుతో హెచ్చిస్తే అయిదు మిల్లీమీటర్ల తీగ. అది కూడా నెరిసినది అయితే రంగు వేసే పనే లేదు. నా తలలో ఆ సరుకు కావలసినంత ఉంది. ఆరు వెంట్రుకలు ఏరి, పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క కొసకు సూదిమొనంత జిగురు. ఒక్కో తీగకు అరగంట. వీణ తంతుల్లా బిగుతుగా వచ్చాయి. పెళ్లిచూపులకు తీసుకెళ్లినట్టు మోడల్‌ను ల్యాబు అద్దాల బీరువాలో నిలబెట్టాను.

వారానికి గానీ తప్పు తెలియలేదు. ఆ తీగలకు అంత బిగుతు ఉంటే గింటే గాలిలోనే. నేల మీద స్కీ చదునుగా ఆనినప్పుడు సాగే తాడు మాత్రమే లాగుతూ ఉంటుంది, ఉక్కు తీగలు రెండూ కొంచెం వదులుగా వేలాడాలి. నా విమానం నేల మీద ఉంది, తీగలు ఆకాశంలో ఉన్నట్టు ఉన్నాయి. అందంగా ఉండాలన్న యావలో నేను చేసిన పని. ఆరు వెంట్రుకలు కోసి మళ్లీ కట్టాలంటే మూడు గంటలు. జూన్‌లో పని రద్దీ. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాను.

జూలైలో నాలుగు రోజులు ఎడతెగని ముసురు పట్టింది. గోడలు చెమర్చాయి, ల్యాబులో మైనం జిగటగా మారింది. సాయంత్రం అమ్మాయి గొడుగు ముడిచి లోపలికి వచ్చి, బీరువా దగ్గర వంగి చూసింది.

"నాన్నా, తీగలన్నీ వదులైపోయాయి."

వెళ్లి కళ్లద్దాలు సవరించుకుని చూశాను. వెంట్రుక తేమకు సాగుతుంది. ఆరూ సన్నగా, ఒకే తీరున, చిన్న వంపుతో వేలాడుతున్నాయి. ప్లాస్టిక్ పోగులు మాత్రం బిగుతు చెడకుండా నిలబడి ఉన్నాయి.

"బిగించవా?"

"వద్దు, ఇప్పుడే సరిగ్గా ఉన్నాయి. ఎండాకాలం వస్తే మళ్లీ బిగుసుకుంటాయి, అప్పుడు చూద్దాం" అని, తలుపు కొంచెం తెరిచే ఉంచాను, లోపలికి తడిగాలి తగలాలని.